ఎర్రచందనం పువ్వు ఏ రంగు? అడవి కోసం ఫోటోలు తీయాలనుకునే తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఒక సమగ్ర మార్గదర్శి

ఎర్రచందనం అనగానే మీకు ఏ బొమ్మ గుర్తొస్తుంది? వరసగా పేర్చిన దుంగలు, వెనకాల నిలబడ్డ పోలీసులు, ముందు ముఖానికి తువ్వాలు కప్పుకుని గొంతుక్కూర్చున్న కూలీలు. జిల్లా పేజీలో ఎన్నేళ్లుగానో అదే ఫోటో. తిరుపతిలోనే పుట్టి పెరిగిన స్నేహితులను ఓసారి వరసబెట్టి అడిగాను, దాని ఆకు ఎలా ఉంటుంది, పువ్వు ఏ రంగు అని. టన్ను ఎంత పలుకుతుందో అందరూ చెప్పారు. పువ్వు పసుపుపచ్చగా ఉంటుందని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఎరుపేమో అన్నారు.

తూర్పు కనుమల దక్షిణ భాగంలో, అంటే మన శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం ఆంక్షలు ఉన్నాయి. అలాంటి చెట్టుకు నరికిన తర్వాత తీసిన ఫోటోలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి, బతికుండగా తీసినవి వెతుక్కోవాలి. 2005లో క్రిస్టీనా మిట్టర్‌మయర్ అనే ఫోటోగ్రాఫర్ చొరవతో అంతర్జాతీయ సంఘం ఒకటి ఏర్పడ్డాక 'కన్సర్వేషన్ ఫోటోగ్రఫీ', అంటే ప్రకృతిని కాపాడటం కోసం ఫోటోలు తీయడం, అనే పేరు బాగా వాడుకలోకి వచ్చింది. మన ఊళ్లో నిలబడి చూస్తే ఆ పేరుకు నాకు తోచే అర్థం ఈ లోటు పూడ్చడమే. దీనికి లక్షల కెమెరా అక్కర్లేదు. ఓపిక కావాలి, కొంత నోరు కట్టుకోవడం కూడా కావాలి. ఆ రెండోది ఎందుకో గుడ్లగూబ సంగతి దగ్గర చెబుతాను.

మొదటి పని: ఒక్క చోటు పట్టుకోండి

కొత్తగా కెమెరా కొన్న ప్రతివాడికీ మొదట చిరుతే కావాలి. నాకూ అంతే. రెండేళ్లు తిరిగి ఒక తోక కొస ఫోటో సంపాదించాను. దాన్ని ఎవరికి చూపించినా "ఇదేంది, తాడా?" అన్నారు.

మన చుట్టూ ఉన్నది తక్కువేమీ కాదు. శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు సుమారు 353 చదరపు కిలోమీటర్లు, 1989లో ఏర్పడింది. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. పలమనేరు, కుప్పం వైపు ఏనుగుల కోసం 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం ఉంది. జిల్లాల విభజన తర్వాత 2022 ఏప్రిల్ నుంచి నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సులోని మన భాగం తిరుపతి జిల్లా లెక్కలోకి వచ్చాయి. ఇవన్నీ చూడండి, తిరగండి. కానీ పని మొదలుపెట్టేటప్పుడు వీటిలో ఏదీ వద్దు. ఇంటి నుంచి బండి మీద ఇరవై నిమిషాల్లో చేరుకునే చెరువో, వంకో, గుట్టో ఒకటి ఎంచుకోండి. ఏడాది పాటు అదే మీ అడవి.

చెరువు అనుకుందాం. కట్ట మీద ఒక గుర్తు చూసుకోండి, తూము రాయో, కట్ట మైసమ్మ గుడి మెట్టో, ఏదైనా సరే. నెలకోసారి, వీలైతే అదే తేదీన, అదే మెట్టు మీద నిలబడి, కెమెరా అదే ఎత్తులో పెట్టి, జూమ్ కదపకుండా ఒకే ఫోటో తీయండి. పాత ఫోటో ప్రింటు చేతిలో పెట్టుకుని దాంతో సరిపోల్చుకుంటూ ఫ్రేము కుదుర్చుకుంటే తేడా రాదు. విడిగా చూస్తే ఇది చాలా చప్పటి ఫోటో. లైకులు రావు. పన్నెండు నెలలు గడిచాక పన్నెండూ పక్కపక్కన పెట్టండి. నవంబరులో ఈశాన్య రుతుపవనాల నీరు, జనవరిలో నామాల కోళ్లు, మార్చిలో గట్టు పక్కన మొదటి మట్టి గుంత, మేలో లారీ చక్రాల జాడలు, ఆగస్టుకు ఒక మూల కొత్తగా లేచిన రాతి స్తంభాలు. ఎవరూ నోరు తెరవకుండానే కథంతా బయటపడుతుంది. చెరువు కుంచించుకుపోతోందని నోటితో చెబితే "మీకు అట్ల అనిపిస్తా ఉంది" అంటారు. పన్నెండు ఫోటోలు చూపిస్తే ఆ మాట అనడానికి వీలుండదు.

నా లెక్కలో ఈ మార్గదర్శి మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చేది ఈ ఒక్క అలవాటే. మిగతావి వచ్చినా రాకపోయినా ఇది మాత్రం వదలొద్దు.

అనుమతి సంగతి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకో జాతీయ పార్కులోకో అనుమతి లేకుండా వెళ్లడం నేరం. ఫోటోలు తీయడానికి వెళ్లాలనుకుంటే 28వ సెక్షన్ కింద అటవీ శాఖ అనుమతి ఇవ్వొచ్చు. ఆవాసానికి గానీ జంతువులకు గానీ హాని జరగకూడదన్నది అందులో షరతు. తలకోన లాంటి పర్యాటక చోట్ల టికెట్టు తీసుకుని, తిరగనిచ్చిన దారి వరకే తిరగొచ్చు. దారి దాటి కోనలోకి దిగాలంటే డీఎఫ్ఓ (డివిజనల్ అటవీ అధికారి) ఆఫీసుకు వెళ్లి అడగాల్సిందే. ఎర్రచందనం అడవి కాబట్టి ఇక్కడ అనుమానం కూడా ఎక్కువ. తెల్లవారుజామున భుజాన సంచితో గుట్ట దిగుతున్న మనిషిని చూస్తే సిబ్బంది ముందు ఆపుతారు, తర్వాత అడుగుతారు. అది వాళ్ల తప్పు కాదు.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. ఆ చట్టంలో 'వేట' అన్న మాటకు అర్థం చంపడం ఒక్కటే కాదు. పక్షుల, సరీసృపాల గుడ్లను, గూళ్లను కదిలించడం, చెదరగొట్టడం కూడా అందులోకే వస్తుంది. ఫోటో బాగా రావాలని గూటికి అడ్డమున్న కొమ్మ విరిచినవాడు ఈ మాట ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి.

డ్రోన్ గురించి ఒక్క ముక్క. తిరుమల కొండ మీద ఎగరేయొద్దు. అభయారణ్యాల మీదా వద్దు. గూళ్ల మీదికి డ్రోన్ వస్తే తల్లిపక్షి లేచిపోతుంది, ఆ సందులో కాకి దిగుతుంది.

పరికరాలు

దీని మీద ఎక్కువ రాయను, యూట్యూబ్ నిండా అదే ఉంది. చెట్టు, పువ్వు, చెరువు, అడుగుజాడలు, మనుషులు, వీటికి ఫోను చాలు. పక్షులకైతే 300 ఎంఎం దాటిన లెన్సు ఉంటే మేలు, సెకండ్ హ్యాండ్‌దైనా పర్వాలేదు. ఫోన్లో వీలైతే, కెమెరాలో తప్పకుండా 'రా' ఫైలు (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే అసలు ఫైలు) పెట్టుకోండి, ఎందుకో తర్వాత చెబుతాను. ఒక టేపు, ఒక నోటుబుక్కు, పెన్సిలు. వానలో పెన్ను రాయదు.

దగ్గరికి వెళ్లడం, వెళ్లకుండా ఉండడం

పక్షి తినడం ఆపి మీ వైపు చూసిందంటే అప్పటికే మీరు దగ్గరికి వచ్చేశారన్నమాట. ఒక అడుగు వెనక్కి వేసి కూర్చోండి. మళ్లీ తినడం మొదలుపెట్టాక తీయండి. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతా నియమాలు మీకే తోస్తాయి. బండి ఇంజను ఆపేసి దాని పక్కనే కూర్చుంటే చాలా పక్షులు పట్టించుకోవు, నడిచి వచ్చే మనిషిని చూస్తేనే బెదురుతాయి.

పులికాట్‌లో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్కన శీతాకాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి. అక్కడ ఏటా చూస్తుంటాను, ఎవరో ఒకరు చప్పట్లు కొడతారు, లేదా నీళ్లలోకి పరిగెత్తుతారు. గుంపంతా లేస్తే రెక్కల కింద గులాబీ రంగు కనిపిస్తుంది కదా, ఆ ఫోటో కోసం. ఆ పక్షులు మన దగ్గరికి వచ్చేదే మేత కోసం. ఉదయం నుంచి నాలుగుసార్లు లేపితే నాలుగుసార్లు తిన్నది అరిగిపోయినట్టే. కదలకుండా ఉంటే అవి వాటంతట అవే లేస్తాయి, ఏ గద్దో తిరిగినప్పుడు. నేను మూడు ఉదయాలు కూర్చున్నాక లేచాయి. ఆ ఫోటో కొంచెం బ్లర్ అయింది, అది వేరే సంగతి.

నేలపట్టులో నీటికడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా సందడి. దొరవారిసత్రం మండలంలో ఉన్న ఆ చిన్న ఊరి జనం తరాలుగా ఆ పక్షుల్ని సొంతవాటిలా చూసుకుంటున్నారు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు అవుతాయని వాళ్లకు తెలుసు. అక్కడ కట్ట మీది నుంచి, వాచ్ టవర్ నుంచి తీసిన ఫోటోలే చాలు. గూళ్ల కిందికి పోవాల్సిన పని లేదు.

దేవాంగ పిల్లి రాత్రి జంతువు, పెద్ద కళ్లు. ఫ్లాష్ కొట్టొద్దు, తెల్ల టార్చి ముఖం మీద వేయొద్దు. ఎర్ర కాగితం చుట్టిన టార్చి దూరం నుంచి, అదీ ఒక నిమిషం. అసలు దాన్ని వెతుక్కుంటూ ఒంటరిగా రాత్రిపూట వెళ్లడమే సరికాదంటాను. బంగారు బల్లి సంగతి ఇంకోరకం. 1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లిషు అధికారి దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తర్వాత చాలాకాలం కనబడలేదు, 1980లలో తిరుమల కొండల్లో మళ్లీ దొరికింది. నీటి వంకల దగ్గర చెమ్మగా ఉండే బండ చీలికల్లో ఉంటుంది, చాలా బల్లులు ఒకే బండకు గుడ్లు అతికించి పెడతాయి. ఒక చీలికలో చేయి పెట్టి తడిమితే ఒక్క గుడ్డుతో పోదు, చాలా తల్లుల సంతానం పోతుంది. కాబట్టి రాయి కదపకుండా, బయట నుంచి కనిపించినంతే తీయండి.

రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని పిలిచే అలవాటు కూడా వచ్చింది. గూడు కట్టే కాలంలో అది మగపక్షికి ఉత్త టెన్షన్. తన చోట్లోకి ఇంకో మగది వచ్చిందనుకుని పొద్దంతా దాన్ని వెతుకుతుంది.

ఏనుగు దగ్గరికి వెళ్లొద్దు. జాడల దగ్గరికి వెళ్లండి

పలమనేరు, కుప్పం, బంగారుపాళెం వైపు ఏనుగుల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అక్కడే ఫోటో ఎక్కువ చెడ్డ చేస్తుంది, ఎక్కువ మేలూ చేస్తుంది.

1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చి స్థిరపడ్డాయి. అడవి చిన్నది, చుట్టూ చెరకు, వరి, అరటి, మామిడి. రాత్రి పంట మీద పడతాయి. రైతు కంచెకు కరెంటు పెడతాడు, ఏనుగు చస్తుంది. ఒక్కోసారి మనిషే తొక్కిసలాటకు బలవుతాడు. పేపర్లో 'గజరాజుల బీభత్సం' అని శీర్షిక. ఆ గుంపు వెనకాల ఫోన్లు పట్టుకుని ఈలలు వేస్తూ పరిగెత్తే కుర్రాళ్లుంటారు చూడండి, వాళ్లను చూస్తే ఏనుగు కన్నా నాకు వాళ్ల మీదే భయమేస్తుంది.

అక్కడ ఒక పొలంలో విరిగిన అరటి తోటను ఫోటో తీస్తుంటే ఆ పెద్దాయన అడిగాడు. "ఏం నాయనా, ఏనుగు బొమ్మ తీసుకోని పోతావు, సరే. నా కయ్య సంగతేంది?" నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు తీసిన వాటిలో ఎనిమిది ప్రింట్లు వేయించి, వెనక తేదీ రాసి ఆయనకిచ్చాను. నష్టపరిహారం దరఖాస్తుకు జత చేసుకున్నాడు. అప్పటి నుంచి ఆ ఊళ్లో నన్ను ఫోటో తీసుకోని పోయేవాడిగా కాక ఫోటో తెచ్చిచ్చేవాడిగా చూస్తున్నారు.

కాబట్టి ఏనుగుల ప్రాంతంలో తీయాల్సినవి ఇవి: తొక్కిన పైరు, చిరిగిన డ్రిప్పు పైపులు, కందకాలు, సోలార్ కంచె, దాని మీద పడగొట్టిన చెట్టు (ఏనుగుకు కంచె దాటే ఉపాయం తెలుసు), రాత్రి మంచె మీద కాపలా కాసే రైతు, పేడలో మొలిచిన విత్తులు. అడుగుజాడ కనిపిస్తే పక్కన టేపు పెట్టి తీయండి. ముందరి కాలి జాడ చుట్టుకొలతను రెండుతో గుణిస్తే దాదాపు ఏనుగు భుజం ఎత్తు వస్తుంది. అంటే జంతువు ఎదుట పడకుండానే, వచ్చింది పెద్దదో గున్నో మీ ఫోటో చెబుతుంది. రైతు పొలంలోకి అడుగు పెట్టే ముందు అడగండి, ఆయన ముఖం తీసే ముందు మళ్లీ అడగండి. కుప్పం దగ్గర ననియాల శిబిరంలో కుంకీ ఏనుగులు (అడవి ఏనుగుల్ని మళ్లించడానికి శిక్షణ ఇచ్చినవి), మావటులు ఉంటారు. మనిషి, ఏనుగు ఒకచోట పనిచేయడం చూపాలంటే అది మంచి చోటు. అక్కడ కూడా అడిగే తీయాలి.

సెట్టింగులు, ఫ్రేములు

ఎగిరే పక్షికి షట్టర్ 1/1600 నుంచి 1/2000, కూర్చున్నదానికి 1/500 చాలు. శేషాచలం లోయల్లో నీడ ఎక్కువ, ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో పెంచుకునే సెట్టింగు) 1600 దాటించడానికి జంకొద్దు, గ్రెయిన్ ఉన్నా ఫోటో ఫోటోనే. తెల్ల కొంగల్ని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కొంచెం మైనస్‌లో పెట్టకపోతే ఈకలన్నీ సున్నం కొట్టినట్టు వస్తాయి. పులికాట్‌లో తొమ్మిది దాటితే ఉప్పునేల మీద ఎండ సెగ ఆడుతుంది, ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఫోటో మసకే. ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపు పని ముగించుకుని ఇడ్లీకి వెళ్లిపోండి.

ముఖ్యమైన మాట ఇంకొకటి. ఒక జీవి గురించి చెప్పాలంటే దాని ముఖం ఒక్కటే తీస్తే సరిపోదు. అది ఉండే చోటు దూరం నుంచి ఒకటి, అది చేసే పని ఒకటి, దగ్గరి వివరం ఒకటి, దానికి ఉన్న ముప్పు ఒకటి, దాని పక్కన బతికే మనిషి ఒకటి. మెరిసే ముఖచిత్రం ఒక్కటే పెడితే జనం "సూపర్ అన్నా" అంటారు, అంతటితో అయిపోతుంది. అదే లకుముకి పిట్టను ఎండిపోతున్న చెరువులో మిగిలిన చివరి మడుగు పక్కన చూపిస్తే ఇంకో ప్రశ్న పుడుతుంది.

ఇంటికొచ్చాక రాసుకోవడం

అందరూ ఎగ్గొట్టే పని ఇదే. అదే రాత్రి ఫోల్డరుకు తేదీ, చోటు పేరు పెట్టండి. నోటుబుక్కులో ఉన్నది టైపు చేయండి: ఎన్ని పక్షులు, ఏం చేస్తున్నాయి, నీటిమట్టం, ఎవరు ఏమన్నారు. జాతి తెలియకపోతే తెలియదనే రాసుకోండి, ఊహించి పేరు పెట్టొద్దు. అసలు ఫైళ్లు రెండుచోట్ల దాచండి, ఒకటి ఇంట్లో, ఒకటి బయట. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో కింది అంతస్తులు మునిగినప్పుడు నా పాత హార్డ్ డిస్కు ఒకటి బురదలో ఈదింది. ఆ ఏడాది పెట్టిన చెరువు ఫోటోలు సగం పోయాయి.

పేర్లు తెలుగులో కూడా రాయండి. పికిలి పిట్ట, తీతువు, గూడబాతు, నత్తగుల్ల కొంగ, రేచుకుక్క, కణితి. ఇంగ్లిషు పేరు చదివి దాటిపోయే అవ్వ, తీతువు అనగానే ఆగి "మా కట్ట కింద ఉండేది కదా" అంటుంది. యానాదులకు, పశువుల కాపర్లకు తెలిసినంత మనకు ఏ పుస్తకంలోనూ దొరకదు. కలివికోడి కథే చూడండి. 1900 ప్రాంతం తర్వాత కనబడక, అంతరించిందనుకున్న పక్షి అది. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిందంటే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ల వెతుకులాటకు స్థానికుల కళ్లు తోడవడం వల్లే. మీకు దారి చూపించిన మనిషికి కూలి ఇవ్వండి. ఆయన సరేనంటే ఫోటో కింద ఆయన పేరూ రాయండి.

చోటు దాచడం

గుడ్లగూబ సంగతి ఇది. కొన్నేళ్ల కిందట చిత్తూరు వైపు పాడుబడ్డ గ్రానైట్ క్వారీ ఒకదాంట్లో ఒక జంట ఉండేది. సాయంత్రం ఎండ పడి, రాతి మీద నారింజ కళ్లతో కూర్చున్న ఫోటో, నా జన్మలో అంత బాగా ఏదీ రాలేదు. ఊరి పేరు రాయలేదు, లొకేషన్ ట్యాగు తీసేశాను, నేను చాలా జాగ్రత్తపరుణ్ణి అనుకున్నాను. అరగంటలో ఒక కామెంటు, "అన్నా, ఇది మా వెనక గుట్టే కదా!" ఫోటోలో వెనకాల రెండు తలల గుట్ట స్పష్టంగా ఉంది. ఆ గుట్ట ఎక్కడిదో ఆ చుట్టుపక్కల వాళ్లకు చెప్పాల్సిన పనే లేదు. మూడు వారాలకు మళ్లీ వెళ్తే క్వారీ ఖాళీ. కింద కొన్ని ఈకలు. అవి వేరేచోటికి పోయాయో, క్షుద్రపూజల పిచ్చోళ్లు పట్టుకుపోయారో, క్వారీకి లారీలు మళ్లీ వచ్చాయో నాకు తెలియదు. ఫోటో తీసేశాను, కానీ అప్పటికే అది వాట్సాప్‌లో తిరుగుతోంది.

అందుకే చెబుతున్నాను. గుడ్లగూబ, దేవాంగ పిల్లి, నక్షత్ర తాబేలు, బంగారు బల్లి, గూళ్లు, పెద్ద ఎర్రచందనం చెట్లు, వీటి చోటు బయటపెట్టొద్దు. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి. నేపథ్యంలో గుడి గోపురం, సెల్ టవర్, ఊరి బోర్డు, గుర్తుపట్టే గుట్ట ఉంటే ఆ ఫ్రేము వద్దు. 'శేషాచలం కొండలు' అంటే చాలు, కోన పేరు అక్కర్లేదు. వెంటనే కాక రెండు మూడు నెలల తర్వాత పెట్టండి. జీవుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైటులో పెట్టేటప్పుడు చోటును మసకబరిచే వీలుంది, ముప్పు ఉన్న చాలా జాతులకు అది తనంతట తానే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు గడిలో ఎక్కడో ఒక చుక్క పెడుతుంది. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ కూడా కొన్ని సున్నితమైన జాతుల చోటు చూపించదు.

వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే లోపలి వివరాలు చెరిగిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే చోటు, సమయం అన్నీ అలాగే పోతాయి. స్నేహితులకు మొదటి పద్ధతి, అధికారికి రెండోది. తారుమారు చేయకండి.

ప్రచురించడం, ఎవరి చేతిలో పెట్టాలో తెలుసుకోవడం

అమెరికాలో ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ సియర్రా నెవాడా కొండల ఫోటోలు తీసి ఊరుకోలేదు. 1936లో వాటిని సంచిలో పెట్టుకుని వాషింగ్టన్ వెళ్లి చట్టసభ సభ్యుల్ని కలిశాడు. తర్వాత అవి మంత్రి చేతికి, అక్కడి నుంచి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాకా వెళ్లాయి. 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయ పార్కు అయింది. ఎంతమంది చూశారన్నది కాక, ఎవరు చూశారన్నదే అక్కడ పనిచేసింది. మనకు దగ్గర్లో మద్రాసు వాసి ఎం. కృష్ణన్ ఇంకో దారి పట్టాడు. 1950 నుంచి 1996లో చనిపోయేదాకా స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతి గురించి కాలమ్ రాశాడు. నలుపు తెలుపు ఫోటోలు, వాటి పక్కన ఖచ్చితమైన మాటలు. అంతకాలం ఒకే గొంతు వినిపిస్తే దానికి విలువ వస్తుంది.

మన స్థాయిలో ఏం చేయొచ్చు? చెరువు ఫోటోలైతే పన్నెండూ రెండు పేజీల్లో వేసి, సర్వే నంబరుతో సహా అర్జీ రాసి, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. రసీదు తీసుకోండి, నెల తర్వాత ఆ నంబరు పట్టుకుని మళ్లీ వెళ్లండి. గ్రామసభలో ప్రింట్లు చేతికివ్వండి, ప్రొజెక్టరు కన్నా కాగితమే చేతులు మారుతుంది. విషయం కోర్టుకో హరిత ట్రిబ్యునల్‌కో పోతే మీ అసలు ఫైలు అడుగుతారు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జత చేయాలి. 'రా' ఫైలు పెట్టుకోమన్నది అందుకే, రంగులు మార్చిన జేపెగ్ మీద ఎదుటి లాయరు మొదటి ప్రశ్నకే మీరు తడబడతారు. చట్టం విషయంలో ముందుగా ఒక న్యాయవాదిని అడగండి, నా మాట మీద కోర్టుకు పోవద్దు.

పేపరుకు పంపేటప్పుడు శీర్షిక కూడా మీరే రాసి పంపండి. లేకపోతే 'చిరుత హల్‌చల్' అని వస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిన్నపాప చిరుతకు బలైన తర్వాత ఊరంతా భయంతో ఉంది, ఆ భయానికి కారణముంది, దాన్ని వెక్కిరించకూడదు. కానీ రోడ్డు దాటిపోతున్న చిరుతకు హల్‌చల్ అని పేరు పెడితే మరుసటి రోజు కర్రలు లేస్తాయి. 'ఘాట్ రోడ్డు దాటుతున్న చిరుత, రాత్రి ఫలానా సమయం, అటవీ సిబ్బందికి సమాచారం ఇచ్చాం' అని రాస్తే భయమూ పెరగదు, అబద్ధమూ ఉండదు. ఏఐతో చేసిన చిరుతలు కూడా గ్రూపుల్లో తిరుగుతున్న రోజులివి. మీ ఫోటో కింద తేదీ, పేరు, అసలు ఫైలు ఉందన్న మాట ఉంటే దానికి బలం.

తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది, మన చెట్లు, పక్షుల వ్యాసాలు చాలావాటికి మంచి ఫోటో లేదు. వికీమీడియా కామన్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో పెడితే బడిపిల్లలు, విలేకరులు, పరిశోధకులు ఎవరైనా వాడుకుంటారు. అలా ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, కాబట్టి ఏవి ఇవ్వాలో ఆలోచించి ఇవ్వండి. మిగతా వాటి మీద 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు మీదే, మీ జీవితకాలమంతా, ఆ తర్వాత 60 ఏళ్ల దాకా. పేరు తీసేసి వాడుకునే పేజీలకు మర్యాదగా ఒక సందేశం పెడితే సగంమంది సరిచేస్తారు. మిగతా సగంతో గొడవ పడే ఓపిక నాకు పోయింది.

బడిలో ప్రదర్శన పెడితే ఫ్రేములు కట్టించొద్దు, ఖర్చు. ఏ3 ప్రింట్లు, దారం, బట్టల క్లిప్పులు చాలు. పిల్లల కంటి ఎత్తులో కట్టండి, పెద్దవాళ్లు వంగి చూస్తారులే.

మొదటి అసైన్‌మెంటు

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ఎర్రచందనంతోనే మొదలుపెట్టండి. అడవిలోకి పోనక్కర్లేదు. ఊళ్లో పార్కుల్లో, కాలేజీ ఆవరణల్లో, రైతుల పొలాల్లో నాటినవి ఉంటాయి, అడిగితే చూపిస్తారు. బెరడు నల్లగా, పగుళ్లు చతురస్రాలుగా, అచ్చం మొసలి వీపులా ఉంటుంది. పక్క నుంచి పడే ఉదయపు ఎండలో తీస్తేనే ఆ లోతు వస్తుంది. ఆకు చాలావరకు మూడు రెబ్బలది, వెలుగుకు ఎదురుగా పట్టుకుని ఈనెలు కనబడేలా తీయండి. కాయ గుండ్రంగా, చుట్టూ రెక్కతో చిన్న అప్పడంలా ఉంటుంది, అరచేతిలో పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. వేసవిలో పూస్తుంది. పూలు చిన్నవి, తేనెటీగలు మూగుతాయి, ఎక్కువ రోజులు నిలవవు. అందుకే మార్చి చివరి నుంచే వారానికోసారి వెళ్లి మొగ్గ చూసుకుంటూ ఉండండి.